నాకూ ఉన్నాది

దుర్గ బెంచీ మీంచి లేచేసింది.

విజయనగరంలోని ఆ ఆసుపత్రికి రమ్మని నర్సు శైలజే ఫోన్ చేసింది. ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు, గర్భసంచి ముఖద్వారంలో చేరే వైరస్ ఉందేమోనని ఆడవాళ్లందరికీ పరీక్ష చేశారు. దుర్గ ఇచ్చిన నమూనాలో ఆ వైరస్ డీఎన్‌ఏ కనిపించింది. చాలామందికి వచ్చేదేనని, క్యాన్సర్‌గా మారకముందే చిన్న వైద్యంతో ఆపేయొచ్చని శైలజ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

దుర్గ చెవికెక్కింది మాత్రం వైరస్ అన్న మాటొక్కటే. గజపతినగరం సంతలో ఆమె ఎండుచేపలు అమ్ముతుంది. ఈ సంగతి పొక్కితే తన గంపలో చేప ఇంకెవరు ముట్టుకుంటారు?

"ఎక్కడికే గుంటా, ఎల్తన్నావు?"

పక్కనున్న పెద్దావిడ. పేరు అసిరమ్మ. వచ్చిన దగ్గర్నుంచీ అందరి ఊళ్లూ పేర్లూ ఆరా తీస్తూనే ఉంది.

"ఇంటికి."

"వైరస్సుందన్నారా?"

దుర్గ గుమ్మం వైపు చూసింది.

"నాకూ ఉన్నాది," అంది అసిరమ్మ, హాలంతా వినపడేలా. "నాను ఇడ్లీలమ్ముతాను. గరివిడిలో మా ఈదంతా నా సేతి ఇడ్లీలే తింటాది. ఎవులికేటైనాది? ఇది సేతుల్తో అంటుకునీ రోగం కాదు."

అందరూ ఇటే చూశారు. దుర్గకి తల కొట్టేసినట్టయింది.

అసిరమ్మ టిఫిన్ డబ్బా తెరిచి ఒక ఇడ్లీ ఆమె చేతిలో పెట్టబోయింది.

దుర్గ చటుక్కున చెయ్యి లాక్కుంది. తన ఒంట్లో ఉన్నదీ అదే వైరస్. అయినా ఎదుటి మనిషి ఒంట్లో ఉందనేసరికి రోత పుట్టింది మరి!

అసిరమ్మ ఏమీ అనుకోలేదు. ఆ ఇడ్లీ తనే తింటూ, లోపల చేసేది కాసేపేనని, సాయంత్రానికి ఇంటికెళ్లి వంట చేసుకోవచ్చని చెప్పింది. దుర్గ కొంగు పట్టుకుని, పేరు పిలిచేదాకా వదల్లేదు.

చేసేది లేక దుర్గ లోపలికెళ్లింది. వైద్యం అయింది. బయటికొచ్చి, ఆవిడకి ఒక్క మాటైనా చెప్పకుండా బస్సెక్కేసింది.

ఏడాది తిరిగాక మళ్లీ పరీక్ష చేశారు. వైరస్ లేదని శైలజ ఫోన్లో చెప్పగానే దుర్గకి కాళ్లు నేల మీద నిలవలేదు. వెంటనే అసిరమ్మ గుర్తొచ్చింది. మంచి ఎండు నెత్తళ్ల చేపలు ఏరి పొట్లం కట్టుకుని, ఆవిడ ఇల్లు ఎక్కడో అడుగుదామని ఆసుపత్రికి వచ్చింది.

బెంచీ మీద ఒక చిన్నది ముఖానికి కొంగు కప్పుకుని, లేవాలా వద్దా అన్నట్టు కూర్చుంది. దుర్గకి ఆ కూర్చోవడం బాగా తెలుసు.

వెళ్లి పక్కన చేరింది.

"నాకూ ఉండీది. ఇప్పుడు నేదు. ఎల్లు, బయమేటి?"

చిన్నది కొంగు దించింది. పేరు పిలిస్తే లేచి లోపలికే వెళ్లింది.

"అచ్చం అసిరమ్మలాగే చెప్పావు," అంది శైలజ దగ్గరికొచ్చి.

దుర్గ పొట్లం చూపించి ఆవిడ ఇల్లడిగింది. పోయిన వానాకాలం గుండెపోటుతో పోయిందని శైలజ మెల్లగా చెప్పింది.

దుర్గ పొట్లాన్ని ఒళ్లోకి లాక్కుంది. ఆ రోజు ఆ ఇడ్లీ తిననందుకు ఏడుపొచ్చింది.

"ఆవిడకీ వైరస్ తగ్గినాదా, మరి?"

"ఆవిడకి ఎప్పుడూ లేదు దుర్గా. భయపడేవాళ్ల పక్కన కూర్చుని ఆ అబద్ధం చెప్పడానికే వచ్చేది."

"ఎందుకు?"

శైలజ కళ్లు తుడుచుకుంది.

"రేఖ అని ఒకమ్మాయి, నీలాగే ఊరేమంటుందోనని భయపడి ఈ బెంచీ మీంచే లేచి వెళ్లిపోయింది, క్యాన్సర్ ముదిరి చనిపోయింది. అసిరమ్మ ఆ రేఖ తల్లి."