కిటికీ సందుల్లో తడిగుడ్డలు

ఎవరో తలుపు దబదబా బాదారు.

ఒళ్లో పడుకున్న కూతుర్ని గుండెకు అదుముకుని తల్లి ఊపిరి బిగబట్టింది.

"ఎవరూ?"

"తలుపు తీయమ్మా! కింద జనరేటరు పొగ మీ ఇంట్లోకి ఎక్కుతోంది. జనరేటరు గదికి తాళం వేసి కింది షాపాయన ఎక్కడికో పోయాడు. త్వరగా!"

కరెంటు పోయిన దగ్గర్నుంచి ఆ జనరేటరు హోరుమంటూనే ఉంది. ఆ హోరులో మాట సరిగా వినపడటమే కష్టం. ఆమె తలుపు కన్నంలోంచి చూసింది. ముక్కూ నోరూ కప్పేసిన నల్ల మాస్కు. చేతిలో కీచుకీచుమని అరుస్తున్న డబ్బా.

"ఇక్కడ పొగా లేదు, వాసనా లేదు. వెళ్లు!"

"దానికి వాసన ఉండదమ్మా, అదే చిక్కు! ఈ మీటరే పసిగడుతుంది. ఇంట్లో ఎవరికైనా తలనొప్పిగా ఉందా? వాంతులు?"

ఇందాకటి నుంచి ఆమెకు తల పగిలిపోతోంది. పాప రెండుసార్లు కక్కింది. ఈ సంగతి వీడికెలా తెలుసు? కన్నం వేసేవాడు ముందే ఇంటి గుట్టంతా లాగి వస్తాడంటారు.

వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"గ్యాస్ చెకింగ్ అంటూ ఇళ్లల్లో దూరుతున్నారట. చచ్చినా తీయకు. నేను బయల్దేరుతున్నా" అన్నాడు భర్త.

"కనీసం కిటికీలైనా తెరవండి!" బయటి గొంతు దగ్గుతూ బతిమాలింది.

కిటికీలా! అంత భయంలోనూ ఆమెకు ఒళ్లు మండింది. మిట్టమధ్యాహ్నమే వీధంతా పొగమంచు కమ్మి ఎదుటి మేడ కనపడటం లేదు. పాపకు అసలే ఉబ్బసం. పొద్దున రేడియోలో గాలి సారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు, కిటికీలు మూసుకోండి, సందుల్లో తడిగుడ్డలు కుక్కండి అని.

గాలి సారంటే గాలి మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. ఆనాటి గాలి ఎలా ఉందో రోజూ పొద్దున్నే చెబుతారు. కన్నతండ్రి మాటైనా జవదాటేదేమో గానీ, ఆమె ఆయన మాట దాటేది కాదు. ఆయన పుణ్యమా అని పాప ఈ చలికాలం ఆసుపత్రి గడప తొక్కలేదు.

"గాలి సారు మూసుకోమన్నారు. ఆయన కంటే నీకెక్కువ తెలుసా?" అని అరిచింది.



"అమ్మా... ఆ మాట..." అంటూ ఏదో చెప్పబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది. తర్వాత గబగబా మెట్లు దిగిన చప్పుడు.

పీడ విరగడైందనుకుంది. ఇంకో తువ్వాలు తడిపి తలుపు కింద కుక్కింది. లేవబోతే కాళ్లు తేలిపోయాయి.

"పాపా!"

పాప పలకలేదు. నిద్రపోతోందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

భళ్లున కిటికీ అద్దం పగిలింది.

వాడే! నీళ్ల గొట్టం పట్టుకుని మొదటి అంతస్తు దాకా ఎగబాకాడు. ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకుని, రెండో చేత్తో గాజుముక్కలు లాగేస్తున్నాడు.

"పాపను ఇటు తీసుకురా! ఇటివ్వు!"

పాప కోసమే వచ్చాడు! ఆమెకు ఇంకేమీ తోచలేదు. చేతికందిన ఇస్త్రీపెట్టె ఎత్తి ఆ వేళ్ల మీద బలం కొద్దీ కొట్టింది.

కేక వినపడలేదు. కింద ఏదో పడిన చప్పుడు మాత్రం వినపడింది.

పగిలిన కిటికీలోంచి మురికి గాలి, చల్లటి గాలి, రివ్వున లోపలికి వచ్చింది. కాసేపటికి పాప దగ్గింది. కళ్లు తెరిచి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక గానీ ఆమెకు తలుపు అవతలి మాటలు అర్థం కాలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో పాప మంచం పక్కన ఆమె కొయ్యబారి కూర్చుంది. నర్సు లోపలికి వచ్చింది.

"ఆయనకెలా ఉందమ్మా?"

నర్సు తల అడ్డంగా ఊపింది.

ఆమె పాప దుప్పటి సర్దుతూ అడిగింది.

"నన్ను తిట్టారా?"

"లేదమ్మా. పోలీసులతో ఒక్క మాట చెప్పి కన్నుమూశారు."

"ఏమని?"

"'ఆ తల్లిని ఏమీ అనకండి, కిటికీలు మూసుకోమని పొద్దున రేడియోలో చెప్పింది నేనే' అన్నారు."