ఆగిన చప్పుడు

“కరెంటు పోయింది! జనరేటర్ వెయ్యండ్రా!”

కొండమీది స్పా హోటల్లో మధ్యాహ్నం కునుకు తీస్తున్న విశ్వతేజ కేకపెట్టి, చెప్పుల్లేకుండా సరస్సు కేసి పరుగెత్తాడు.

ఐశ్వర్య వెనకే పరుగెత్తింది. పెళ్లయి వారం కాలేదు. నాన్న చూసి చూసి పిచ్చివాడికిచ్చి చేశాడా?

“ఏవండీ, ఏమైందండీ?”

అతను సరస్సులో ఆగిపోయిన ఫౌంటెన్‌నే చూస్తున్నాడు. “మన ఊరు ఉండిలో రొయ్యల చెరువనుకున్నాను. నీళ్లు చిమ్మే ఏరేటర్లు ఆగితే, గాలందక రొయ్యలన్నీ చచ్చిపోతాయి. ఆ చప్పుడు ఆగితే చాలు, మా ఇంట్లో అందరూ ఉలిక్కిపడి లేస్తారు.”

ఫౌంటెన్ మళ్లీ మొదలైంది. గదికొచ్చి మంచమెక్కగానే విశ్వతేజ గుర్రుపెట్టాడు.

ఐశ్వర్య మాత్రం, ఆ నీళ్ల చప్పుడు ఎక్కడ ఆగిపోతుందోనని చెవులు రిక్కించి కూర్చుంది.