బిగబట్టిన ఊపిరి

సంతలో గంప కింద కూర్చున్న నల్లపెట్టకి ఒకటే కోరిక. చిన్నప్పటిలా మళ్లీ మట్టిలో పొర్లాలి.

పైడమ్మ వచ్చి దాన్ని చేతుల్లోకి తీసుకుంది. ఆమె చీర అంచుకి పెరటి మట్టి అంటుకుని ఉంది. ఆ వాసనకి పెట్టకి ప్రాణం లేచొచ్చింది.

"ఊపిరి బిగబట్టు. నీ గురక వినబడితే కొనదు," అంది పక్క గంపలోని ఎర్రపెట్ట.

పైడమ్మ పెట్ట కళ్లు చూసింది, తోక ఎత్తి చూసింది, చివరికి దాని వీపుకి చెవి ఆనించింది. నల్లపెట్ట ఊపిరి బిగబట్టింది.

"బాగానే ఉంది బాబూ," అంది పైడమ్మ అమ్మేవాడితో. "ఇంటికాడ కోడిపిల్లలున్నాయి. పోయినేడు ఒక్క రోగపు పెట్టని తెచ్చి అన్నింటినీ పోగొట్టుకున్నాను. అందుకే ఇంత భయం."

నల్లపెట్ట ఆ మట్టి వాసనని గుండెల నిండా పీల్చుకుంది. తర్వాత మెల్లగా వదిలేసింది. గురగురమని చప్పుడైంది.

పైడమ్మ దాన్ని దించేసింది. ఎర్రపెట్టని కూడా అలాగే చూసి, చంకన పెట్టుకుంది.

"పిచ్చిదానా, ఎందుకు వదిలావే?" అని ఏడ్చింది ఎర్రపెట్ట.

"నువ్వు పొర్లేటప్పుడు నా వంతు కూడా పొర్లు," అంది నల్లపెట్ట.