తెలుగు రాని టీచర్

మాకు తెలుగొస్తదని పిల్లలకు తెల్వనియ్యొద్దు. ఆన్‌లైన్‌ల ఇంగ్లీషు చెప్పే మా కంపెనీ రూలది. తెలిస్తే పిల్లలు ఇంగ్లీషు మాట్లాడరంట. ఏడాది నుంచి ఒక్క తెలుగు ముక్క అర్థం కానట్టే నటిస్తున్న.

మొన్న ఎల్బీ నగర్ మెట్రో కింద జామకాయల బండి కాడ బేరమాడుతున్న.

"గింత పిరమా? జర తగ్గించన్నా!"

ఎవరో నా చున్నీ పట్టుకున్నరు. చూస్తే సింధూర, రోజూ నా క్లాసుల కూసునే ఆరేళ్ల పిల్ల. గొంతు గుర్తుపట్టినట్టుంది.

"టీచర్, మీకు తెలుగొచ్చా?"

"ఒస్తది బంగారం," అని నవ్విన.

అది నవ్వలేదు. చున్నీ వదిలేసింది.

"మరి ఆ రోజు అమ్మమ్మ కింద పడిపోయింది, లేవట్లేదు అని నేను ఏడుస్తుంటే, ఇంగ్లీషులో చెప్పమన్నారెందుకు?"