కుడిచేతి బరువు

మత్తయి మాస్టారి చేతిలోంచి సుద్దముక్క జారి కిందపడింది. ఆ వారంలో అది మొదటిసారేం కాదు.

ఎడంచేత్తో తీసుకుని, పిల్లల్ని చదువుకోమని చెప్పి కుర్చీలో కూలబడ్డారు. కుడిచెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా బిగుసుకుపోయింది. వేళ్ళన్నీ తిమ్మిరి. పొద్దున్న లేచేసరికైతే ఆ చెయ్యి అసలు తనది కాదేమో అనిపిస్తోంది.

ఫోన్లో వెతికారు. వెతక్కుండా ఉండాల్సింది. చెయ్యి నొప్పి అని కొడితే, మెడ దగ్గర ఎక్కించుకుని, మెదడంతా తిప్పి, పలకడానికి నోరు తిరగని నరాల జబ్బు దగ్గర దింపింది ఫోను. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, ఆపైన మాట పడిపోతుందట. మాస్టారికి నిజంగానే గుండె జారిపోయింది.

మాట అనగానే ఇంకో దిగులు కూడా పట్టుకుంది. అసలే ఇంట్లో మాటల్లేవు. రేపు నిజంగా మాట పడిపోతే, ఆ పంతంలో నెగ్గింది తనా, భార్య ఝాన్సీయా?

గొడవ ముక్తేశ్వరం పెళ్ళిలో మొదలైంది. బంతిలో కూర్చుని, పదిమందీ వింటుండగా, "రొయ్యల వేపుడంటే మా అక్కయ్యదేనండీ. మా ఇంట్లో చేసేది ఉత్త ఉప్పూకారం" అనేశారు మాస్టారు. వెనక బంతిలో భార్య ఉందని చూసుకోలేదు. ఆ మాట తప్పని ఒప్పుకునేదాకా మాట్లాడనని ఆవిడ. ముందు తాను మాట్లాడనని ఈయన.

ఊరు తిరిగొచ్చిన రోజే మాస్టారు పడక ముందుగదికి మార్చేశారు. ఒక మనిషికి సరిపడే నవారు మంచం, ఒకే ఒక్క తలగడ. ఝాన్సీ వెనకగదిలోనే ఉండిపోయింది. మధ్యలో కొడుకు హేమంత్, కోడలు బిందు నలిగిపోతున్నారు.

అలాగని కబుర్లు పూర్తిగా ఆగిపోలేదు. సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంది కదా. ఒకరికొకరు చెప్పకూడనివన్నీ ప్రభువుకు చెప్పుకుంటారు.

"ప్రభువా, ఈ ఇంట్లో ఒకరు ఈమధ్య ఎడంచేత్తో కాఫీ తాగుతున్నారు. డాక్టరుకి చూపించుకునే బుద్ధి దయచెయ్యి తండ్రీ" అంది ఝాన్సీ కళ్ళు మూసుకుని.

"తండ్రీ, చూపించుకోమన్నవాళ్ళు కూడా వస్తే కాస్త ధైర్యంగా ఉంటుందని నీకు తెలియనిది కాదు" అన్నారు మాస్టారు, ఇంకా గట్టిగా కళ్ళు మూసుకుని.

"ఆమేన్" అన్నాడు హేమంత్, కారు ఎవరినడగాలా అని ఆలోచిస్తూ.

ప్రార్థన అయ్యాక బిందు మావగారి దగ్గరకొచ్చింది.

"మావయ్యగారూ, ఒక సంగతి గమనించేరా? అత్తయ్యగారు రాయవరం వెళ్ళినప్పుడు మీ చెయ్యి శుభ్రంగా ఉందండీ. ఆవిడ రాగానే మళ్ళీ పట్టేసింది. కోపమేనండీ, నరాలకెక్కేసింది."

"వస్తూ పోతూ ఉండడమేనమ్మా ఆ జబ్బు లక్షణం. ఫోన్లో రాసేరు" అన్నారు మాస్టారు నీరసంగా.

మర్నాడు అందరూ అమలాపురం వెళ్ళారు. నరాల డాక్టరు శారోన్ చిన్న సుత్తితో మోచెయ్యి తట్టింది. మెడ అటూఇటూ తిప్పించింది. తన చెయ్యి గట్టిగా పట్టుకోమంది. మాస్టారు పట్టుకుని, లోలోపల కీర్తన ఎత్తుకున్నారు.

"ఏదున్నా దాచకుండా చెప్పేయండి డాక్టరుగారూ. తట్టుకుంటాను" అన్నారు, తట్టుకోలేని గొంతుతో.

"జబ్బేం లేదు మాస్టారూ. ఈ జబ్బ మీద రోజూ గంటలకొద్దీ ఏదో బరువు పడుతోంది. లోపల నరం నలుగుతోంది, అంతే. ఏం మోస్తున్నారు?"

మాస్టారు చొక్కా చెయ్యి కిందికి దించుకోవడం మొదలెట్టారు.

"బరువా! నాన్నగారు చేతిసంచి కూడా పట్టుకోరండీ. కూరలు నేనే తెస్తాను. కొబ్బరికాయలు కూలీలు మోస్తారు" అన్నాడు హేమంత్.

"ఏదైతేనేం, కొన్నాళ్ళు ఆ బరువేదో ఎడంచేతికి మార్చండి."

"అసలు మానేస్తే ఇంకా మంచిది కదండీ?" అంది ఝాన్సీ, గోడమీద క్యాలెండరు చూస్తూ.

"అబ్బెబ్బే! మార్చమన్నారు గానీ, మానెయ్యమనలేదు కదమ్మా?" అని కంగారుగా నర్సునడిగారు మాస్టారు.

"ఆయ్, మారిస్తే చాలండీ" అంది నర్సు.

ఇంటికొచ్చాక హేమంత్ నీళ్ళ బకెట్టు దాచేశాడు. ఖాళీ గ్యాస్ బండ పెరట్లో పెట్టేశాడు. మాస్టారి పుస్తకాల సంచి తూచి చూసి, "ఇదేనండీ, నాకు ముందే తెలుసు" అని తేల్చేసింది బిందు. మాస్టారు కాదనలేదు.

సాయంత్రం ప్రార్థన ముందు ఝాన్సీయే అందుకుంది.

"పెద్ద జబ్బేం కాదన్నావు ప్రభువా, నీకు స్తోత్రం. నాకెంత భయమేసిందో నీకే తెలుసు. రొయ్యల సంగతి మాత్రం నేను మర్చిపోలేదు."

"తండ్రీ, ఆ బరువు నాకెప్పుడూ బరువనిపించలేదు. చెయ్యి మార్పించు, చాలు" అన్నారు మాస్టారు.

"ఆమేన్" అన్నారు కొడుకూ కోడలూ.

ఆ రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆరిపోయాక, ఎప్పటిలాగే ఒక్క మాటైనా మాట్లాడకుండా ముందుగదిలోకి వచ్చిన ఝాన్సీ, రోజూ పడుకునే కుడిపక్క వదిలేసి, నవారు మంచానికి ఎడంపక్కన చేరి మాస్టారి చెయ్యి తలకింద పెట్టుకుంది.