నోరు తెరిస్తే ఓడినట్టే

పెద్ద డాక్టరుగారికి, ఈ ముసలిది చెప్పి రాయిస్తున్నది.

మీ పళ్ల ఆసుపత్రిలో పని చెడగొట్టానట! ఇక నన్ను గడప తొక్కనివ్వకూడదని మీ నర్సమ్మ అంటున్నది. నా మాట కూడా వినండి.

పొద్దున వరండాలో పిల్లలు కుర్చీలెక్కి దూకుతున్నారు. తల్లులు అరిచి అరిచి సొమ్మసిల్లారు. నేనే ఆట పెట్టాను.

"ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్లు ఓడినట్టే, భడవల్లారా!"

అంతే, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

అప్పుడే నాకు లోపలికి పిలుపు వచ్చింది. నర్సమ్మ పెద్ద కుర్చీ ఎక్కించి, "నోరు తెరువమ్మా" అన్నది. ఆటన్నాక మాట నిలబెట్టుకోవద్దా? బతిమాలింది, కసిరింది. పెదవి విడితే ఒట్టు.

ఇంతలో పిల్లలంతా తలుపు తోసుకుని వచ్చారు. రెండు జడల పిల్ల కుర్చీ పట్టు వదలని నా చెయ్యి పట్టుకుంది.

"భయపడకు అవ్వా, మేమే ఓడిపోతాంలే!"

అందరూ ఒక్కసారి "ఆ..." అని నోళ్లు తెరిచారు. ఇక నేను తెరవక తప్పిందా?

పన్ను పోయింది, గెలుపు నాది. ఇంకో పన్ను కూడా తీయాలట. ఆ పిల్లలు వచ్చే రోజే నన్నూ రమ్మనండి.