పెనిమిటి పేరు

“అవ్వా, నీ భర్త పేరేమిటి?”

తాసీల్దారు ఇంతే అడిగాడు. నాగక్క కొంగు నోట్లో కుక్కుకుని కిలకిలా నవ్వింది. డెబ్బై ఏళ్ల ముసలిది, పెళ్లిచూపుల్లో పిల్లలాగా సిగ్గుపడింది.

“చూసినారా సార్!” అని శేషన్న చావడి అరుగు మీద ఎగిరినంత పని చేశాడు. “నేను అర్జీలో రాసింది ఇదే! మా చిన్నమ్మకు మతి పోయిందా లేదా? కట్టుకున్నోని పేరే మరిచిపోయింది. ఇట్లాంటి మనిషి పేరున బావి కింద నాలుగెకరాలు ఉంటే ఏం గావల్ల? భూమి నాకు అప్పజెప్పండి. ఆమెను మా ఇంట్లో ఒక మూల కూసోబెట్టి ఇన్ని ముద్దలు పెడతా.”

శేషన్న ఇంటి మూల ఎట్లాంటిదో ఊరికంతా తెలుసు. కన్నతల్లిని గొడ్ల కొట్టంలో పడుకోబెట్టిన ఘనుడు అతను.

నాగక్క పక్కనే కోడలు గిడ్డమ్మ ఉంది. మొగుడు చచ్చిపోయినా అత్తను విడవని మనిషి. నిజం చెప్పాలంటే అత్తకు మతిమరుపే. తిన్న గంటకు తినలేదంటుంది. పాలిచ్చే ఎనుమును కూతురనుకుని తల దువ్వుతానంటుంది. గిడ్డమ్మ కాదనదు, దువ్వెన చేతికిస్తుంది. ముసలిది గాబరా పడితే చేటెడు శెనక్కాయలు ఒళ్లో పెడుతుంది. అవి ఒలుచుకుంటూ ముసలిది నెమ్మదిస్తుంది. ఇప్పుడూ ఒళ్లో చేట ఉంది.

“ఏమప్పా శేషన్నా, యా ఆడది మొగుని పేరు చెప్తాది? నీ పెండ్లాం చెప్తాదా?” అంది గిడ్డమ్మ.

“మాట మార్చొద్దు వదినా!”

తాసీల్దారు కుర్రవాడు, ఉద్యోగానికి కొత్త. “స్వరాజ్యం వచ్చినా ఇవేం ఆచారాలమ్మా! సరే, ఇంకోటి అడుగుతా. అవ్వా, మన రాజధాని ఏది?”

“చెన్నపట్నం!” ముసలిది టక్కున చెప్పింది.

“తప్పు! కర్నూలు!” శేషన్న చప్పట్లు కొట్టాడు.

“మొన్నమొన్నటిదాకా చెన్నపట్నమే గదా సార్,” అంది గిడ్డమ్మ. “మార్చినోళ్లు మీరు. మా అత్తకొచ్చి చెప్పినారా?”

బంట్రోతు మొహం తిప్పుకుని నవ్వాడు. తాసీల్దారుకు మాత్రం పట్టుదల వచ్చింది.

“అదంతా వద్దు. భర్త పేరు చెప్తే అర్జీ కొట్టేస్తా. చెప్పకపోతే మతి లేదని పైకి రాస్తా.”

గిడ్డమ్మ అత్త వైపు చూసింది. మామ పేరు తానూ చెప్పకూడదు. అత్తేమో ఊరు మరిచింది, వాకిలి మరిచింది, కొడుకు చావు మరిచింది. ఆడదాని నోటికి వేసిన ఈ పాడు తాళం మాత్రం మరవలేదు!

“సార్,” అంది తెగించి. “గోడకాడ కూసున్న ఆడోళ్లను అడగండి. ఒక్కరు చెప్పినా మా అత్తకు మతి లేనట్టే.”

తాసీల్దారు అటు తిరిగాడు. “నీ భర్త పేరేమమ్మా?”

“అద్దో, ఆడ నిలబడి బీడీ తాగుతాండాడే, ఆయప్పే!” అంది హులిగెమ్మ.

“నీ భర్త పేరు?”

“మా పిల్లోళ్లను అడగండి సార్. వాళ్ల నాయన పేరు వాళ్లకు శానా బాగా తెలుసు,” అంది ప్రేమమ్మ.

“నీదో?”

“శనివారం ఉపవాసం ఉంటారే, ఆ సామి పేరే,” అంది రామలక్ష్మమ్మ.

“ఏ సామి?”

“అయ్యో, చెప్తే పేరొచ్చేస్తాది గద సార్!”

చావడి గొల్లుమంది. ఆ నవ్వులోనే గిడ్డమ్మ అందుకుంది.

“అందరికీ మతి పోయిందా సార్? పోనీ, మీ ఇంట్లో అమ్మగారు మీ పేరు పెట్టి పిలుస్తారా?”

తాసీల్దారు కలం ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. “మా ఆవిడా? ఆమె... ఏమండీ అంటుంది.”

ఈసారి బంట్రోతు దాచుకోకుండానే నవ్వాడు. తాసీల్దారుకూ నవ్వు ఆగలేదు.

“సరే తల్లీ, గెలిచావు. మతి ఉన్న ఆడది చెప్పదు. అవ్వ చెప్పలేదు. అర్జీ కొట్టేస్తున్నా.”

సంతకం గీకి, కాగితం సంచిలో వేసుకుని, బండి ఎక్కి సాగిపోయాడు. ఆడవాళ్లంతా లేచి గిడ్డమ్మను చుట్టుకున్నారు.

అప్పుడు నాగక్క లేచింది. చేట బోర్లాపడి శెనక్కాయలు అరుగంతా దొర్లాయి. నడుం మీద చెయ్యి పెట్టుకుని, వీధి మొగదలకు వినపడేటట్టు కేక పెట్టింది.

“ఒరే గోపన్నా! ఒరే గోపన్నా! నా గచ్చకాయలు ఎత్తుకపోయి యాడ దాంకున్నావురా? మేనత్త కొడుకువని ఊరుకుంటాండా, వచ్చినానంటే ఈపు చీరేస్తా!”

ఆడవాళ్లు గిడ్డమ్మను వదిలి ముసలిదాని వైపు తిరిగారు. గోపన్న ఆమె మొగుడు, ఎప్పుడో పోయినవాడు. మేనత్త కొడుకునే చేసుకుంది. ముసలిది పెళ్లి మరిచిపోయి, గచ్చకాయలాడే వయసులోకి వెళ్లిపోయింది. తాళం ఊడింది. ఊడక ఊడక ఇప్పుడు ఊడింది.

“సార్! సార్!” శేషన్న పంచె ఎగ్గట్టి బండి వెంట పరుగెత్తాడు. “చెప్పింది సార్! మొగుని పేరు చెప్పింది! ఒకసారి గాదు, రెండుసార్లు! ఊరంతా ఇన్నాది!”

తాసీల్దారు బండి ఆపించాడు. సంచిలోనుంచి అర్జీ మళ్లీ బయటికి తీశాడు. గిడ్డమ్మ కళ్లు మూసుకుంది.

“చెప్పిందా? అంటే గుర్తున్నట్టేగా! మరి మరిచిపోయిందని ఈ దొంగ అర్జీ ఎందుకు పెట్టావయ్యా?”